లాంచీకి ప్రమోషన్ వచ్చింది

పోయిన దసరా సెలవుల్లో పిల్లల పోరు పడలేక ఓ చెరువు దగ్గర టికెట్లు కొన్నాను. చెరువు పేరు చెప్పను, పాపం దాని తప్పేం లేదు. టికెట్ మీద 'క్రూజ్' అని అచ్చేశారు. తలెత్తి చూస్తే ఎదురుగా లాంచీ. అదే రేకు కప్పు, అవే ప్లాస్టిక్ కుర్చీలు, అదే డీజిల్ కంపు. కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి అడిగాను.

"తమ్మీ, ఇది లాంచీనే గదా?"

"కాదు సార్, క్రూజ్."

"తేడా ఏంది?"

"మూడొందలు సార్."

పర్యాటక విధానాన్ని ఇంత క్లుప్తంగా, ఇంత నిజాయితీగా వివరించినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఆ కుర్రాణ్ణి వెంటనే ఏదైనా శాఖకు సలహాదారుగా వేసుకోవాలి.

ప్రభుత్వాలకు ఈ క్రూజ్ పూనకం పట్టి కొన్నాళ్లయింది. 2024 సెప్టెంబరులో కేంద్రం 'క్రూజ్ భారత్ మిషన్' మొదలుపెట్టింది. 2029 కల్లా క్రూజ్ ప్రయాణికులు రెట్టింపు కావాలట. అంతకు ముందు ఏడాదే విశాఖలో దాదాపు 96 కోట్లు పెట్టి టెర్మినల్ తెరిచారు. సరే, వాళ్లకు సముద్రం ఉంది. ఓడ రావచ్చు, రాకపోవచ్చు, ఎదురుచూడటానికి ఒక దిక్కంటూ ఉంది. మన తెలంగాణకు సముద్రం గజం కూడా లేదు. అయితేనేం, కన్సల్టెంట్లకు కొదవ లేదు కదా.

మన దగ్గరికి క్రూజ్ ఎలా తేవాలో తేల్చిన సమీక్ష సమావేశం నేను చూడలేదు. కళ్లు మూసుకుంటే మాత్రం కనిపిస్తుంది. మొదటి స్లైడులో నీలం సముద్రం, పన్నెండంతస్తుల తెల్ల ఓడ. రెండో స్లైడులో అదే ఓడ, సాయంత్రం పూట. మూడో స్లైడులో ఓడ నుంచి నాగార్జునసాగర్‌కు ఒక బాణం గుర్తు. అందరూ తలలూపుతారు. వెనక వరసలో రిటైర్మెంట్‌కు ఆర్నెల్లున్న ఇంజనీరు ఒకాయన ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, లేచి నిలబడతాడు.

"సార్, ఈ ఓడ సాగర్ దాకా ఎట్లొస్తది?"

నిశ్శబ్దం. "పీపీపీ పద్ధతిలో," అంటాడు కన్సల్టెంట్.

"అది కాదు సార్, సాగర్ నిండితే 590 అడుగులు. ఎండాకాలం నీళ్లు కిందికి పోతే శ్రీశైలం లాంచీయే కదలదు. ఇదెట్ల కదుల్తది?"

"అప్పుడు దాన్ని ఫ్లోటింగ్ హోటల్ అందాం."

"ఫ్లోట్ కానప్పుడే గదా సార్ నేనడిగేది?"

ఇక్కడ ముందు వరస ఆయన వెనక్కి తిరిగి ఒక చూపు చూస్తాడు. బిస్కెట్ సగం విరిగి చాయ్‌లో పడుతుంది. ఇంజనీరు దాన్ని చెంచాతో వెతుక్కుంటూ కూర్చుండిపోతాడు. ఓడ కొనడానికి డబ్బుల్లేవు, బోర్డుకు వేసే పెయింట్ ఉంది కాబట్టి, ఉన్న లాంచీలనే క్రూజులుగా గుర్తిస్తూ ఏకగ్రీవంగా నిర్ణయిస్తారు.

అసలా సాగర్ నీళ్లు ఎవరికెన్నో రెండు రాష్ట్రాలు ఇప్పటికీ కొట్లాడుకుంటూనే ఉన్నాయి. కెప్టెన్ చేతిలో కాకుండా కృష్ణా బోర్డు చేతిలో స్టీరింగ్ ఉన్న క్రూజ్ లోకంలో ఇంకెక్కడా ఉండదు. ఇదైనా బ్రోచర్‌లో వేసుకోవచ్చు.

ఆ సమావేశం సచివాలయంలో జరిగి ఉంటే, కిటికీ తెర తీస్తే హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడు కనిపిస్తాడు. ఆయనకు నౌకాయానంలో అనుభవం ఉంది. 1990 మార్చి 10న బార్జ్ ఎక్కించి తీసుకెళ్తుంటే అది ఒరిగిపోయింది. 1992 డిసెంబరు దాకా ఆయన నీటి అడుగునే ఉన్నాడు. ఆయనకైతే తిరిగి పైకి లేచే యోగం ఉంది. ఆయనతో పాటు మునిగిపోయిన మనుషులకు లేకపోయింది.

మనుషుల మాట వచ్చింది కాబట్టి ఇక నవ్వలేను. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి 5 లక్షల క్యూసెక్కులతో పోటెత్తుతోంది. పాపికొండలు చూపిస్తామని బోటు కదిలింది. ఎవడు పోనిచ్చాడు? హైదరాబాద్ వాళ్లున్నారు, వరంగల్ దగ్గర కడిపికొండ వాళ్లున్నారు. కచ్చులూరు దగ్గర బోల్తా పడి యాభై మంది దాకా పోయారు. ఆ బోటు పేరులో 'రాయల్' అని ఉంది. పేరు పెద్దదైతే నది తప్పుకుంటుందా? ఆ బోటును బయటికి లాగింది కూడా మన మిషన్లు, మన ప్రెజెంటేషన్లు కాదు. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లు, లంగర్లు పట్టుకొచ్చి, వారాల తరబడి కష్టపడి అక్టోబరు 22న లాగింది. శవాల కోసం అన్ని రోజులు ఒడ్డున కూర్చున్న వాళ్లకు చూపించండి మీ మూడో స్లైడు.

నా క్రూజ్ సంగతి చెప్పలేదు కదూ. ఎక్కగానే పేపర్ కప్పులో ఆరెంజ్ రంగు నీళ్లిచ్చారు, వెల్‌కమ్ డ్రింక్. తర్వాత లైఫ్ జాకెట్. నాదానికి బకిల్ లేదు. చూపిస్తే, "పట్కొని కూర్చోండి సార్, ఇర్వై నిమిషాలే" అన్నాడు కుర్రాడు. ఇరవై నిమిషాలూ రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను. మా చిన్నదాని జాకెట్‌కు బకిల్ ఉందో లేదో మూడుసార్లు తడిమి చూశాను.

దిగేటప్పుడు ఆ కుర్రాడు నా ఒంటి మీది జాకెట్ లాక్కుని, ఒకసారి దులిపి, లైన్లో ముందున్న ఓ పాప మెడలో వేశాడు. అది ఆ పిల్లకు మోకాళ్ల దాకా వచ్చింది. వాళ్ల నాన్న ఫోన్ తీసి, "నవ్వు బిడ్డా, నవ్వు" అంటున్నాడు.