సవరణ: ‘పిల్‌గ్రిమేజ్’ భాగాల సంఖ్య, చదివే క్రమం

ఆంగ్ల రచయిత్రి డొరోతీ రిచర్డ్‌సన్ నవలామాల ‘పిల్‌గ్రిమేజ్’ గురించిన గత వ్యాసంలో ‘1938లో వెలువడిన నాలుగు సంపుటాలు’ అన్న వాక్యం వల్ల రచన అక్కడితో ముగిసిందన్న అర్థం వస్తున్నది కనుక దానిని ఇలా చదువుకోవాలి: 1915లో ‘పాయింటెడ్ రూఫ్స్’తో మొదలైన ఈ రచనకు మొత్తం 13 భాగాలు, 1938 నాటి నాలుగు సంపుటాల ముద్రణలో 12 మాత్రమే చేరగా, చివరిదైన ‘మార్చ్ మూన్‌లైట్’ రచయిత్రి మరణించిన పదేళ్లకు, 1967లో వచ్చింది. పాత ప్రతులు సంపాదించుకునేవారు ఈ తేడాను గమనించాలి.

అదే వ్యాసంలో ఏ భాగాన్నైనా విడిగా చదవవచ్చన్న మాటకు మరింత వివరణ అవసరం. ఉత్కంఠతో నడిచే కథ ఇందులో లేదు కాబట్టి ఆ మాట కొంతవరకు నిలుస్తుంది. అయితే సమస్తమూ కథానాయిక మిరియం హెండర్సన్ మనసులోంచే కనిపిస్తుంది. ఆమెకు ముందే తెలిసిన మనుషులను పాఠకులకు ఎవరూ పరిచయం చేయరు. మూడవ భాగం ‘హనీకోమ్’ చివర మిరియం తల్లి మరణాన్ని రచయిత్రి ఎక్కడా సూటిగా చెప్పదు, సూచించి వదిలేస్తుంది. ఆ పుటలు చదవకుండా, మిరియం లండన్‌లో దంతవైద్యుల దగ్గర ఉద్యోగం చేసే నాలుగవ భాగం ‘ది టనల్’తో మొదలుపెడితే, ఆమె స్వేచ్ఛలోని ఆనందం అందుతుంది గాని దాని వెనక ఉన్న దుఃఖం అందదు. నా దృష్టిలో ఈ నవలామాల గొప్పతనమంతా ఆ మౌనంలోనే ఉంది. కాబట్టి మొదటి నాలుగు భాగాలనైనా వరుసగా చదవమని కోరుతున్నాను.