నెమలికంఠానికి ఓటీపీ

నిన్న సాయంత్రం ఆరున్నరకి అమ్మ చేసిన తప్పు ఒక్కటే. "రంగుల చదువు చదువుతున్నావు కదరా, ఈ చీరకి మ్యాచింగ్ జాకెట్టు ముక్క తెచ్చిపెట్టు" అంది. ఇవాళ పొద్దున్నే పెళ్లి. తొమ్మిదిలోపు గుడ్డ ఇస్తేనే రాత్రికి కుడతానన్నాడు టైలరు. చీర ధర్మవరం పట్టు, నెమలికంఠం రంగు. సంచిలో పెట్టి ఇవ్వబోతే వద్దన్నాను. చీర మోసుకెళ్లడం మీ కాలం పద్ధతి అని కూడా అన్నాను.

ఫోన్‌తో ఫోటో తీసి, కలర్ పికర్ యాప్‌లో ఒక మడత మీద వేలు పెట్టాను. కోడ్ వచ్చింది: సున్నా సున్నా ఐదు ఎఫ్ ఆరు బి. అంటే ఎరుపు సున్నా, ఆకుపచ్చ 95, నీలం 107. ఈ లెక్కలో మొత్తం రంగులు 1,67,77,216. అందులో మా అమ్మ చీర ఏదో తేలిపోయాక ఇంక తప్పెక్కడ జరుగుతుంది?

వన్ టౌన్‌లో మ్యాచింగ్ సెంటరు. గోడ నిండా టూ బై టూ రూబియా ముక్కలు, ముందు ఎనిమిది మంది ఆడవాళ్లు, అందరి చేతుల్లో చీరలు. ఒట్టి ఫోన్ పట్టుకుని వచ్చింది నేనొక్కణ్ణే.

"ఏం కలర్ బాబూ?"

"సున్నా సున్నా ఐదు ఎఫ్ ఆరు బి, అంకుల్."

నెమలికంఠం అన్న మాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అది నోట్లోకి రాలేదంటే కారణం మా కాలేజీ. మొదటి సెమిస్టరులో రంగుకి పేరు పెట్టి పిలిస్తే మార్కులు కోసేవారు. "చిలకాకుపచ్చ అంటే ఏ చిలకయ్యా? హ్యూ చెప్పు, వాల్యూ చెప్పు, క్రోమా చెప్పు" అనేవారు సారు. అంటే ఏ రంగు, ఎంత వెలుగు, ఎంత గాఢం అని. ఆరు వారాల పాటు పోస్టర్ కలర్లతో పన్నెండు గళ్ల చక్రం వేయించారు. బ్రష్షు గీత దాటితే చక్రం మళ్లీ మొదటికి. ఒక్కరోజు కూడా ఒక్క గుడ్డపీలిక ముట్టుకోనివ్వలేదు. వంగపండు, ఉల్లిపొర, కనకాంబరం, మెంతి రంగు, ఆనందా బ్లూ, ఇవేవీ ఆ చక్రంలో పట్టక నా బుర్ర ఖాళీ చేసి వెళ్లిపోయాయి.

అంకుల్ కళ్లజోడు పైకి తోసి, "బిల్లు నంబరా?" అన్నారు. కుర్రాడు పాత బిల్లు పుస్తకం కోసం వంగాడు. నేను ఒక్కో అంకె విడగొట్టి, గట్టిగా, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటులా మళ్లీ చెప్పాను. పక్కనున్న పెద్దావిడ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఓటీపీలు అలా పైకి చదవకూడదు నాయనా. మా మరిది ఇలాగే నలభై వేలు పోగొట్టుకున్నాడు."

అంతే, షాపంతా కదిలింది. ఒకావిడ తోడికోడలి బ్యాంకు ఖాతా, ఇంకొకావిడ తమ్ముడి లాటరీ మెసేజీ. ఒకామె నా ఫోన్ లాక్కుని ఆపేయబోయింది.

"ఓటీపీ కాదండీ, రంగు!" అని మొదలుపెట్టి నేను షెవ్రూల్ దాకా వెళ్లిపోయాను. ఆయన ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త, ప్యారిస్‌లో ప్రభుత్వ నేతశాలలో అద్దకాలు చూసేవాడు. నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదు వస్తే, తప్పు అద్దకానిది కాదు, పక్కన నేసిన రంగులదని తేల్చాడు. దాని మీద 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. పరీక్షలో ఈ ప్రశ్నకి నాకు పదికి ఎనిమిది. ఆయన 102 ఏళ్లు బతికాడు. మ్యాచింగ్ సెంటర్లు లేని ఊళ్లో బతకబట్టే అయ్యుంటుంది.

అంకుల్ అంతా విని ఒకటే అడిగారు. "పడుగు ఏ రంగు, పేక ఏ రంగు?"

నెమలికంఠం చీరలో పడుగు, అంటే నిలువు దారం, ఒక రంగు. పేక, అంటే అడ్డదారం, ఇంకో రంగు. నిలబడితే నీలం, కదిలితే ఆకుపచ్చ. నేను వేలు పెట్టింది ఒక్క మడత మీద, అదీ హాల్లో పసుపు బల్బు కింద. ఈ ముక్క నాకు అక్కడే తట్టాల్సింది. తట్టలేదు. "ఇదిగో ఈ రంగు" అని ఫోన్ చూపించాను. ఏడు దాటింది కదా, ఫోను నా కళ్ల ఆరోగ్యం కోసమని తనంతట తానే తెరలో నీలం తగ్గించేసుకుని కూర్చుంది. అంకుల్ ఒక పచ్చ ముక్క తీసి, కత్తెర పట్టుకుని, వెనకున్న బోర్డు చూపించారు: "కట్ చేసిన పీసు తిరిగి తీసుకోబడదు."

"కట్ చెయ్యండి" అన్నాను.

ఇంట్లో ముక్కని చీర మీద పరిచి అమ్మ ఏమీ అనలేదు. అది బాటిల్ గ్రీన్. "ట్యూబ్‌లైటు కింద కలిసిన రంగులు వేరే వెలుతురులో విడిపోతాయమ్మా, దీన్ని మెటామెరిజం..." అనేలోపు చెప్పులేసుకుని, చీరనీ ఆ ముక్కనీ సంచిలో కుక్కుకుని ఆటో ఎక్కేసింది. అరగంటలో సరైన ముక్కతో తిరిగొచ్చింది. పాతది మార్చలేదట. బోర్డు పెట్టారుగా.

"ఏమని అడిగావమ్మా?"

"అడగడమేంటి, చీర చూపించాను. ఆయనే నిన్ను అడిగాడు. ఆ ఓటీపీ అబ్బాయి క్షేమంగా ఇల్లు చేరాడా అని."