మైకా పొడి గారికి ఒక మనవి

మ.రా.రా.శ్రీ మైకా (అభ్రకం) పొడి గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మా ఇంట్లో అందరూ క్షేమం, అందరూ మెరుస్తున్నారు. తలదిండు మెరుస్తోంది. పెరుగు గిన్నె మూత మెరుస్తోంది. బ్యాంకుకు వెళ్లిన మా ఆయన చెంప మెరిసిందని లైన్లో ఎవరో నవ్వారట. మెరవాల్సిన సీసా ఒక్కటే అడుగున బురద పెట్టుకుని కూర్చుంది.

నేను కోరింది మహా కోరికేమీ కాదు. పాప పుట్టినరోజుకి ఒక మాంత్రికుడి అలమర. దగ్గు మందు సీసాలు, అత్తరు బుడ్లు కడిగి పెట్టాను. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టిన కాగితాల మీద "అదృశ్య కషాయం", "పరకాయ ప్రవేశ ద్రావకం" అని రాసి అంటించాను. లోపల మాత్రం ఏదో ప్రాణమున్నట్టు తిరుగుతుండాలి. ఆ ఒక్క పనికి తమరిని పెట్టుకున్నాను.

తమరేమో ఊపితే తప్ప పనిచేయరు. ఊపగానే పొగలా సుడులు తిరుగుతారు, ఆహా అనేలోపు దిగిపోవడం మొదలు. నీటికన్నా దాదాపు 3 రెట్లు బరువు కనుక దిగక తప్పదు, పలచటి రేకులు కనుక నెమ్మదిగా దిగుతారు, అదీ ఒప్పుకుంటాను. సగం నీళ్లు, సగం గ్లిజరిన్ పోస్తే కాస్త నిలకడ వచ్చింది. ఇంకా పోస్తే సుడి తిరగడమే మానేశారు. పైన తేలి ముద్ద కట్టినప్పుడు అంట్లు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే బుద్ధిగా మునిగారు. రెండో చుక్కకి అదృశ్య కషాయం కాస్తా బట్టలు నానేసిన బకెట్‌లా నురగెత్తింది.

రంగు సంగతి మరీ ఘోరం. పొట్లం మీద నీలం అని ఉంది, తెల్ల కాగితం మీద చల్లితే తెల్లగానే ఉన్నారు. తమరి ఒంట్లో నీలమే లేదు! అభ్రకం రేకు మీద టైటానియం డయాక్సైడ్ పూత ఎంత మందాన ఉంటే దాన్నిబట్టి రంగు కనిపిస్తుంది, అంతే. చుక్క నల్ల సిరా కలిపాక గానీ నీలం తేలలేదు. ఎదుటి పార్టీ మసి లేనిదే రంగు తేలని నాయకులను చూసి ఉన్నాం గనక ఆశ్చర్యపోలేదు. తేలాక మాత్రం, నిజం చెప్పొద్దూ, రెప్ప వేయబుద్ధి కాలేదు.

గ్లిట్టర్ వాడమని షాపు కుర్రాడి సలహా. అల్యూమినియం పూసిన ప్లాస్టిక్‌ని ఆరు మూలల ముక్కలుగా కోస్తే దానికి సుడి ఏం తెలుస్తుంది? పైగా విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాల మీద యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరులోనే ఆంక్షలు పెట్టింది.

తమరి వంశం తెలియక కాదు ఈ మాటలన్నీ. సైదాపురం, గూడూరు గనుల పేరు చెబితే చాలదూ! ఇస్త్రీపెట్టెలో కాలే తీగని ఒంటికి చుట్టుకున్నవారు. పొయ్యి కిటికీలో రేకుగా నిలబడి, తాము కాలకుండా మంటని చూపించినవారు. వైద్యుల చేతిలో పుటం మీద పుటం వేయించుకుని అభ్రక భస్మం అయినవారు. అసలు మందుగా పేరు తెచ్చుకున్నవారికి, ఉత్తుత్తి మందులో వేషం కట్టడానికి ఇంత బెట్టెందుకు?

ఇంకొకటి. పొట్లం మీద ఒంటికొమ్ము గుర్రం ఉంది, ఇంద్రధనుస్సు ఉంది, ఎక్కడ తవ్వారో లేదు. జార్ఖండ్, బీహార్లలో పాత గనుల దగ్గర చిన్నపిల్లలు ఏరే ఢిబ్రా, అంటే తుక్కు అభ్రకం, మెరిసే సామాన్లలోకి చేరుతోందని వార్తల్లో ఎన్నోసార్లు వచ్చింది. గుర్రానికి దొరికిన చోటు ఊరి పేరుకి దొరకలేదా? గనిలో కాక కొలిమిలో పుట్టిన సింథటిక్ అభ్రకమైతే ఆ ముక్కైనా రాయించుకోండి. ఈసారి అడిగి అదే కొంటాను.

ఆదివారం సాయంత్రం అలమర పక్కన నిలబడి సీసాలు ఊపే ఉద్యోగం మా మరిదికిచ్చాం, జీతం రెండు సమోసాలు. బిరడాలకు మైనం పోశాను, ఎవరూ తాగకుండా. కేకు తమరి జోలికి రాదు. తమరూ కేకు జోలికి వెళ్లకండి. తినే రకం కాదని పొట్లం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

ఇట్లు,
అదృశ్య కషాయం, పరకాయ ప్రవేశ ద్రావకాల టోకు తయారీదారు
(అరువు లేదు, వాపసు లేదు)