సవరణ: అదనపు పళ్ళు పదిమందిలో ఒకరికి కాదు

దంతవైద్యానికి వచ్చే పెద్దవాళ్ళలో పదిమందిలో ఒకరికి అదనపు పన్ను ఉంటుందని గత పోస్టులో రాశాను. అది తప్పు. జ్ఞానదంతాలనూ, ఊడకుండా మిగిలిన పాలపళ్ళనూ అందులో కలిపేశాను. జ్ఞానదంతాలు నాలుగూ 32 లెక్కలోవే.

దంతవైద్య పాఠ్యపుస్తకాలు, ఎక్స్‌రే సర్వేల ప్రకారం శాశ్వత దంతాల్లో అదనపు పన్ను ఉండేది సుమారు నూటికి 1 నుంచి 3 మందికి. మగవాళ్ళలో దాదాపు రెట్టింపు. క్లిప్పుల కోసం వచ్చేవాళ్ళలో లెక్క కాస్త పెరగడం సహజం. వరస చెడినవాళ్ళే కదా అక్కడికి వచ్చేది.

ఎక్కువగా దొరికేది మీసియోడెన్స్ అనే అదనపు పన్ను. పై ముందు పళ్ళ మధ్య, అంగిలి వైపు, చిన్న శంకువులా ఉంటుంది. చాలాసార్లు ఎముకలోనే ఉండిపోతుంది కాబట్టి నోట్లో లెక్కపెడితే తేలదు. ఓపీజీలోనూ (రెండు దవడలూ ఒకేసారి కనపడే పెద్ద ఎక్స్‌రే) సరిగ్గా ఆ నడిమి భాగమే వెన్నెముక నీడ పడి మసకబారుతుంది. అనుమానముంటే అక్కడ చిన్న ఎక్స్‌రే రెండు కోణాల్లో తీయాలి. రెండోసారి ఎక్స్‌రే ట్యూబు జరిపిన వైపే పన్ను నీడ కూడా జరిగితే అది అంగిలి వైపు ఉన్నట్టు. తీసేయాలనుకుంటే సీబీసీటీ (దవడను త్రీడీలో చూపే స్కాన్) మేలు.

కనపడగానే పీకించాలని కొందరు అర్థం చేసుకున్నారు. నేనలా అనలేదు. చుట్టూ తిత్తి లేకుండా, పక్క పంటి వేరు కరగకుండా, క్లిప్పులకో ఇంప్లాంటుకో అడ్డం రాకుండా ఉంటే వదిలేసి, అప్పుడప్పుడు ఎక్స్‌రేలో చూసుకుంటే చాలు. ఒకే మనిషికి చాలా అదనపు పళ్ళుంటే మాత్రం క్లీడోక్రేనియల్ డిస్‌ప్లేసియా (ఎముకలు, పళ్ళ ఎదుగుదలలో జన్యులోపం), గార్డ్‌నర్ సిండ్రోమ్ (పెద్దపేగులో పాలిప్స్ వచ్చే జన్యువ్యాధి) ఉన్నాయేమో చూడాలి. రెండోది అనిపిస్తే పెద్దపేగు పరీక్షకు పంపాలి.