పన్నుకి పన్ను

డిసెంబర్‌లో సింగపూర్ వెళ్తున్నారా? గొడుగు పెట్టుకోండి, అది వాళ్ళకి వానాకాలం, మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి కుమ్మేస్తుంది. ఆర్చర్డ్ రోడ్డులో క్రిస్మస్ దీపాలు 1984 నుంచీ ఏటా పెడుతున్నారు, రెండు కిలోమీటర్ల పొడవునా చెట్లన్నీ పెళ్ళివారి ఇల్లులా వెలుగుతుంటాయి, మెడ మీద చెమట తుడుచుకుంటూ మంచు బొమ్మల పక్కన ఫోటో దిగాలి. దీపాలు అక్కడ చూడండి గానీ కొనడం మాత్రం లిటిల్ ఇండియాలో. ఫ్యారర్ పార్క్ స్టేషన్‌లో దిగితే ముస్తఫా సెంటర్ దగ్గర, చుట్టాలందరూ అడిగే గొడ్డలి బొమ్మ తైలం డజన్ల లెక్కన దొరుకుతుంది. కరెంటు సామాను కొనేముందు ప్లగ్గు చూసుకోండి, అక్కడివి మూడు పలక కాళ్ళవి, మన గోడల్లో దూరవు. సలహాలు అయిపోయాయి. ఇక నా ఏడుపు.

మా తోడల్లుడు అక్కడే పదేళ్ళుగా ఉంటున్నాడు. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నయ్యా అంటాను, ఆ మర్యాదే నా కొంప ముంచింది. మా ఆవిడ ఒక హ్యాండ్‌బ్యాగూ, పిల్లలకి ఏవో బొమ్మలూ కొంది, మొత్తం 118 డాలర్లు. "100 డాలర్లు దాటితే టూరిస్టులకి జీఎస్టీ వెనక్కిస్తారు, వదిలేస్తావా?" అన్నాడు అన్నయ్య. అక్కడ జీఎస్టీ 9 శాతం, అంటే నాకొచ్చేది పది డాలర్లు కూడా లేదు, అందులో మళ్ళీ సర్వీసు చార్జీ కోత. ఆ లెక్క నాకప్పుడు తట్టలేదు. షాపులో పాస్‌పోర్టు అసలుదే చూపించాలట, ఫోన్లో ఫోటో పనికిరాదట, అది హోటల్ లాకర్లో ఉంది, వానలో వెళ్ళి తెచ్చాను.

విమానాశ్రయంలో లగేజీ వేసేముందే రీఫండ్ మెషిన్ దగ్గరికి వెళ్ళాలి, ఇది గుర్తుంచుకోండి. మా ముందు పదిమందికి పని క్షణంలో అయిపోయింది. నా వంతు రాగానే మెషిన్‌కి ఏం అనుమానం వచ్చిందో, సామాను తీసుకెళ్ళి కస్టమ్స్ వాళ్ళకి చూపించమంది. పది డాలర్లకి నా మొహంలో అంత దొంగతనం ఏం కనిపించిందో!

కౌంటర్లో కుర్రాడు, మా పెద్దాడి వయసుంటాడు, పెట్టె తెరవమన్నాడు.

ఆ పెట్టె గురించి చెప్పాలి. జిప్పు మీద నమ్మకం లేని అన్నయ్య ముందురోజు రాత్రి దాని మీద మోకాలు పెట్టి, వాళ్ళ బాల్కనీలో బట్టలారేసుకునే నైలాన్ తాడు విప్పి, నిలువు నాలుగు చుట్లు, అడ్డం నాలుగు చుట్లు బిగించాడు. "చిన్నప్పుడు బండి మీద వరిమోపులు కట్టినవాణ్ణిరా" అన్నాడు, పైగా గుర్తు కోసం వదినగారి పాత ఎర్ర జాకెట్టు ముక్కొకటి ముడేశాడు. ఆ ముడికి మొదలూ చివరా లేవు. గోళ్ళతో లాగాను, తాళంచెవి దూర్చాను, కత్తెర చేతిసంచీలో ఉంటే పట్టుకుంటారని ముందే తీయించింది కూడా అన్నయ్యే. వెనకున్న చైనా ముసలావిడ జాలిపడి నెయిల్ కట్టర్ ఇచ్చింది. దాంతో ఆరు పోగులు తెగాయి, తాట్లో ఓ అరవై ఉన్నట్టున్నాయి. ఇక లాభంలేదని నేల మీద గొంతుక్కూర్చుని, పళ్ళతో పట్టుకున్నాను. నైలాన్ తాడుకి సబ్బు రుచి ఉంటుందని నాకు యాభై మూడేళ్ళకి తెలిసింది. పక్కనే ఇంత ఎత్తు క్రిస్మస్ చెట్టు, దాని ముందు సెల్ఫీ తీసుకుంటున్న ఓ కుటుంబం ఫ్రేములో నేను పడ్డానని ఖాయంగా చెప్పగలను.

"ఏమండీ" అంది మా ఆవిడ.

"ఉండు" అన్నాను, తాడు నోట్లో ఉంది కాబట్టి "ఉంఉ" అని వినబడి ఉంటుంది.

"ఏమండీ, ఒక్క మాట..."

"ఉంఉ!"

ముడి ఊడింది. పెట్టె ఒక్కసారిగా నోరు తెరిచింది, తైలం సీసాలు నాలుగు దొర్లుకుంటూ వెళ్ళాయి, లోదుస్తుల సంగతి వదిలేయండి. కుర్రాడు బిల్లు చూసి, "హ్యాండ్‌బ్యాగ్ ఒక్కటి చూపిస్తే చాలు" అన్నాడు.

మా ఆవిడ భుజానికున్నది తీసి కౌంటర్ మీద పెట్టింది. కొన్నరోజు నుంచీ అది దిగలేదు.

"అదే చెబుదామనుకుంటుంటే..." అంది.

అతను రెండు సెకన్లు కూడా చూడలేదు. ఓకే అన్నాడు.

పెట్టె మళ్ళీ మూతపడలేదు, అన్నయ్య మోకాలు అక్కడ లేదుగా. ఎయిర్‌పోర్టు షాపులో బెల్టు కొన్నాం, దాని ధర చెప్పను. డబ్బు పది రోజుల్లో కార్డులో పడుతుందట. ఇంతలో అన్నయ్య మెసేజ్: "పన్ను వచ్చిందా?"

రాలేదు అన్నయ్యా, కదులుతోంది. పైన ఎడమవైపుది. డాక్టరు రేపు పదకొండింటికి రమ్మన్నాడు.