ఉచిత బియ్యంతోనే ఆకలి తీరిపోదండీ

రేషన్‌లో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం ఉచితంగా వస్తోంది కాబట్టి పల్లెల్లో ఇక ఆకలి లేదని ఒక వ్యాసంలో రాశారు. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపూర్ దగ్గర పల్లె. కూలికెళ్లే మనిషికి ఆ 5 కిలోలు పదిహేను రోజులు కూడా రావు. పప్పు, నూనె ఎలాగూ కొనాల్సిందే. ఆషాఢం, శ్రావణాల్లో పాత గింజలు అయిపోతాయి, కొత్త పంట ఇంకా చేతికి రాదు. 2001లో మా జిల్లాలోనే, కాశీపూర్ వైపు, మామిడి టెంకల జావ తాగి మనుషులు చనిపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మా వీధి చివర ఒంటరి ముసలమ్మ ఉంది. వేలిముద్రలు అరిగిపోయాయి, రేషన్ షాపు మిషన్ తీసుకోలేదు, పోయిన నెల బియ్యం రాలేదు. ఓటీపీ అంటే ఆవిడకు ఫోనే లేదు. మా అమ్మ, పక్కింటి పిన్ని వంతులేసుకుని చోడి (రాగి) అంబలి పంపారు. ఆ గిన్నె ఒక్కసారీ ఖాళీగా తిరిగి రాలేదు. నాలుగు మునగాకు రెమ్మలో, కాస్త చింతపండో వేసి ఇచ్చేది. వద్దంటే మర్నాడు అంబలి ముట్టేది కాదు. మా ఊళ్లో చాలా ఇళ్లు ఇలాగే గడుస్తున్నాయి. కానీ ఈ నెల మా పిన్ని వాళ్ల చోళ్ల కుండలోనూ అడుగు కనిపిస్తోంది.