కోడలు కదలలేని చోట అత్త కదిలింది

యాభై దాటిన మనిషి జెండా పట్టుకుంటే ‘ఈ వయసులో ఎందుకొచ్చిన గొడవ’ అంటాం. తెలుగు నేల మీద రెండు పెద్ద పోరాటాలకు గుర్తుగా మిగిలిన ఇద్దరు ఆడవాళ్లనూ ఆ మాట అనే ఉంటారు. తెలంగాణ రైతాంగ పోరాటంలో చాకలి ఐలమ్మ, సారా వ్యతిరేక ఉద్యమంలో దూబగుంట రోశమ్మ. ఇద్దరికీ పడుచుతనం దాటాకే ఉద్యమం ఎదురైంది.

ఐలమ్మ 1895లో పుట్టిందని చెబుతారు. పాలకుర్తిలో ఆమె కౌలు పొలం మీద విసునూరు దేశ్‌ముఖ్, అంటే ఆ ప్రాంతపు దొర, కన్నేసేనాటికి, అంటే 1940ల నడుమ, వయసు యాభైకి అటూఇటూ. పిల్లలు ఎదిగారు, వెట్టి అంటే ఏమిటో ఒంటికి తెలుసు, పండింది నాలుగెకరాల్లో. ఆ పంటను గూండాలు ఎత్తుకుపోకుండా రైతుల పక్షాన నిలిచిన ఆంధ్ర మహాసభ సంఘంవాళ్లు కోసి ఇంటికి చేర్చారు.

ఊళ్లల్లో పడుచు కోడలు వీధిలోకి రావాలంటే ఎవరో ఒకరు సరేననాలి. ఆ సరే అనేది అత్త. ఆ అత్తే గడప దాటితే ఆపేదెవరు? పైగా ఎవరింట్లో ఎవరు తాగి కొడతారో, ఎవరి పుస్తె ఎవరి దగ్గర తాకట్టులో ఉందో ఊరంతటి లెక్కా ఆమె నోట్లోనే ఉంటుంది. పెద్దమనిషి హోదా అంటే మగవాళ్లదే అనుకుంటాం గానీ, పెద్ద ముత్తైదువకైనా, మొగుడు పోయిన ముసలమ్మకైనా ఊళ్లో ఒక చనువు ఉంటుంది. పడుచు పిల్ల అంటే తగాదా అయ్యే మాటను ఆమె అంటే వింటారు.

అయితే వయసు ఒక్కటే సరిపోదు. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సాక్షరతా ఉద్యమం రాత్రి బడులు పెట్టింది. పగలంతా కూలి చేసిన ఆడవాళ్లు ఒకచోట కూర్చుని వాచకంలో తాగుడు గురించి రాసిన సీతమ్మ కథ చదివారు. అక్షరాలు ఎన్ని వచ్చాయో గానీ, తమ ఇంటి బాధ పక్కింట్లోనూ ఉందని తెలిసిపోయింది. దూబగుంటలో రోశమ్మ ముందు నడిచి సారాను ఊరి నుంచి తరిమితే, ఆ సంగతే మరో పాఠమై మిగతా ఊళ్లకు పాకింది. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. ఎక్సైజు రాబడి మీద ఆధారపడ్డ సర్కారుకు తగలాల్సిన చోటే తగిలింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం.

మరి వాళ్లకు దక్కిందేమిటి? పదవీ విరమణ చేసిన అధికారి అరవయ్యేళ్లకు పార్టీలో చేరితే దాన్ని అనుభవం అంటాం, టికెట్ ఇస్తాం. కూలి చేసిన అమ్మ అదే వయసులో వీధిలోకి వస్తే ఆవేశం అంటాం. పేరు పెట్టడానికి మాత్రం వెనకాడం. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు, మంచిదే. పోరాడి గెలిచిన నిర్ణయం అమలవుతోందో లేదో చూసే కమిటీలో రోశమ్మలాంటి వాళ్లకు ఒక కుర్చీ వేసి ఉంటే ఇంకా బాగుండేది.

ఆ కుర్చీ ఎందుకంటే, 1997లోనే నిషేధాన్ని సడలించారు. రోశమ్మ ఆ తరువాత పందొమ్మిదేళ్లు బతికింది. దుకాణాలు మళ్లీ తెరుచుకోవడం చూసి, 2016లో కన్నుమూసింది.